నిండుగా తిరిగొచ్చే సీసా

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఆయన నా సీసాలో నీళ్లు నింపేవారు. గద్వాలలో మా ఇంటి వంటగదిలో, కుండలోంచి ముంచి, గరాటు పెట్టి, చుక్క కింద పడకుండా పోసేవారు. లీటరు పట్టే స్టీలు సీసా అది. మూత బిగించి నా సంచిలో థర్మామీటరు పక్కన నిలబెట్టేవారు. ఆరున్నరకు నేను గట్టు బస్సు ఎక్కేదాన్ని. సాయంత్రం ఆరింటికి తిరిగొచ్చి, గేటు లోపల అడుగు పెట్టగానే, ఆయన చూడకముందే ఆ సీసా మూత తీసి కరివేపాకు చెట్టు మొదట్లో వంచేదాన్ని. చాలా రోజులు లీటరుకు లీటరూ చెట్టుకే పోయేది.

ముప్పై నాలుగేళ్లు ఆరోగ్య శాఖలో పనిచేశాను. మొదట ఏఎన్ఎం, తర్వాత సూపర్‌వైజరు. అచ్చంపేట దగ్గర ఎనిమిదేళ్లు, కోడేరులో పదకొండేళ్లు, మిగిలినవి గట్టు మండలంలో. ఇన్నేళ్లలో ఏ మందు పేరుకన్నా ఎక్కువసార్లు నా నోట వచ్చిన మాట "నీళ్లు తాగండి" అన్నది. ఆ మాట చెబుతున్నప్పుడు నా సంచిలో సీసా నిండుగా ఉండేది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడడానికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు కొందరు ఇంటికి వచ్చి, "మీ అనుభవం రాసిపెట్టండి మేడం" అన్నారు. పదోన్నతుల గురించి రాయను. రిజిస్టర్లు ఎలా నింపాలో వాళ్లకే నాకన్నా బాగా తెలుసు, ఇప్పుడు అవన్నీ ఫోన్లోనే ఉన్నాయి. నాకు తెలిసింది ఎండ, ఎండలో పనిచేసే మనుషులు. దాని గురించే రాస్తాను.

మా ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన గ్రంథాలయంలో పనిచేశారు. ఇంటికి తెచ్చిన పుస్తకాలు ఇద్దరం చదివేవాళ్లం. నాకు నచ్చిన పుస్తకాన్ని ఆయన చేతికిస్తే రెండు పేజీలు తిప్పి, "ఈయన పూలు శానా పెట్టిండు, పండ్లెక్కడున్నయ్ భారతీ?" అనేవారు. ఆయన చదువుతారన్నట్టే రాస్తున్నాను, అందుకని పూలు పెట్టను.

ముందు నీళ్లు, తర్వాత పేరు

అచ్చంపేట దగ్గర నా మొదటి పెద్ద డాక్టరు కోపిష్టి మనిషి. రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. ఎవరితోనూ మెత్తగా మాట్లాడేవారు కాదు. కానీ ఎండదెబ్బ గురించి నాకు తెలిసినదంతా ఆయన దగ్గర ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నాను.

తునికాకు ఏరడానికి అడవి అంచుకు పోయిన ఒకాయనను జీపులో తెచ్చారు. ఒళ్లు కాలుతోంది, చెమట లేదు. పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. నేను రిజిస్టరు తెరిచి, వెంట వచ్చినవాళ్లను పేరు, తండ్రి పేరు, ఊరు అడగడం మొదలుపెట్టాను. డాక్టరు బయటికి వచ్చి చూసి, తొట్టి దగ్గరున్న బకెట్టు ఎత్తి ఆ మనిషి మీద కుమ్మరించారు. సగం నీళ్లు నా రిజిస్టరు మీద పడ్డాయి.

"సార్, పేరు రాస్తున్న" అన్నాను.

"బతికినంక రాస్తువు. ఇంకో బకెట్ తే" అన్నారు.

చొక్కా విప్పించారు. తడిపిన గుడ్డలు మెడకూ చంకలకూ గజ్జలకూ పెట్టించారు. వెంట వచ్చినవాళ్ల చేతికి అట్టముక్కలిచ్చి విసరమన్నారు. ఒకావిడ నోట్లో నీళ్లు పోయబోతే చెయ్యి పట్టుకొని ఆపారు. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం గోలీ ఇద్దామా అని నేను అడిగితే, "ఇది జ్వరం గాదు, కాలిన ఇనుము. గోలీకి చల్లారదు, నీళ్లకు చల్లారుతది" అన్నారు. చల్లార్చడం ఆపకుండానే పెద్దాసుపత్రికి పంపడానికి జీపును అక్కడే నిలబెట్టారు.

గంట గడిచాక ఆ మనిషి కళ్లు తెరిచి, "నా చెప్పులేవి?" అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగారు. "చెప్పులడిగిండంటే తెలివొచ్చింది. ఇప్పుడు రాసుకో పేరు."

ఇప్పటి అమ్మాయిలకు ఈ పద్ధతి పాఠాల్లో ఉంది. కానీ అసలు సమయం వచ్చినప్పుడు చెయ్యి ఇంకా పెన్ను మీదికే పోతుంది, నేను చాలామందిని చూశాను. ఎండలో ఉన్న మనిషి తికమకగా మాట్లాడితే ముందు నీడ, తర్వాత నీళ్లు, తర్వాత గాలి, అదే సమయంలో బండికి ఫోను. పేరు చివర అడగండి.

నేను చేయించిన ర్యాలీ

నేను సూపర్‌వైజరునైన మొదటి ఎండాకాలం, ఎండదెబ్బ మీద అవగాహన ర్యాలీ జరపాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఉదయం పదింటికి ఒక పెద్ద సారు వచ్చి జెండా ఊపుతారన్నారు. నా కింద పనిచేసే ఆశ కార్యకర్తలందరినీ పిలిపించాను. వాళ్లలో సువార్త ఒకతె. ఆమె అమ్మానాన్నలు కూలి పనిచేసి ఆమెను పదో తరగతి చదివించారు. వాళ్ల ఊరి చర్చిలో పాటలు పాడేది. నవ్వకుండా నవ్వించేది.

పది దాటింది, పదకొండు దాటింది. సారు దారిలో ఉన్నారని ఫోను వస్తూనే ఉంది. నీడలోకి పోతే వరుస చెదిరిపోతుందని నేను ఎవరినీ కదలనివ్వలేదు. ఇది ఎవరో చెబితే చేసింది కాదు, నా తెలివే. పన్నెండుంపావుకు కూడా మేం రోడ్డు మీదే నిలబడి ఉన్నాం.

సువార్త బ్యానరు ఒక కొస పట్టుకొని ఉంది. "మేడం, దీని మీద ఏం రాసిండ్రో ఒకసారి సదువుండ్రి" అంది.

"ఏం రాశారు?"

"పదకొండు నుంచి నాలుగు దాక ఎండల తిరగొద్దు."

"సారు వచ్చేస్తున్నారు. ఒక్క ఫొటో దిగి పోదాం."

నేను ఆ మాట అంటుండగానే వెనక వరుసలో ఒకామె కూలబడి వాంతి చేసుకుంది. సువార్త ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. కర్రల నుంచి బ్యానరు ఊడదీసి, నలుగురి చేత నాలుగు కొసలూ పట్టించి ఆమె మీద నీడ పట్టింది. నేను తడిగుడ్డ వేసి విసిరాను. ఆమె తేరుకొని లేచి కూర్చుంది. సారు అప్పుడు దిగారు. బ్యానరు కింద తడిగుడ్డతో కూర్చున్న మనిషిని చూసి, "ఇదేంటమ్మా?" అని అడిగారు.

"అవగాహన సార్" అంది సువార్త.

ఆయన ముందు బిత్తరపోయి, తర్వాత నవ్వి, జెండా ఊపకుండానే అందరికీ మజ్జిగ తెప్పించి వెళ్లిపోయారు. ఆయన మంచివాడే. తప్పు నాది. ఎండ గురించి చెప్పడమే నా పని అనుకున్నాను, ఆ ఎండలో ఎవరు నిలబడి ఉన్నారో చూడలేదు. అయితే ఆ రోజు నేను నేర్చుకున్నది సగమే. మిగతా సగం తిమ్మక్క నేర్పింది.

ఎండ మారిన మాట నిజం

వాతావరణ మార్పు మీద మాకు శిక్షణలు ఇచ్చేవారు. ఒకసారి చల్లటి హాల్లో కూర్చోబెట్టి మంచుగడ్డ మీద నిలబడ్డ తెల్ల ఎలుగుబంటి బొమ్మ చూపించారు. సువార్త నా చెవిలో, "గట్టు మండలంల దీనికి ఏ సబ్‌సెంటర్ మేడం?" అంది. బొమ్మ పెట్టినవాళ్ల మాట అబద్ధమేమీ కాదు, కానీ అంత దూరం పోనక్కర్లేదు. మా జ్వరాల రిజిస్టరు చూస్తే చాలు. నేను కొత్తగా చేరినప్పుడు డెంగీ వానాకాలంతో పోయేది. నేను దిగిపోయేనాటికి చలికాలంలో కూడా దోమతెరల గురించి చెప్పాల్సి వచ్చేది. వెనకటికి ఉగాది దాటాక ముదిరే ఎండ శివరాత్రికే ముదురుతోంది. అన్నిటికన్నా పెద్ద మార్పు రాత్రులది. పగలు ఎంత కాగినా తెల్లవారుజామున చల్లబడితే ఒళ్లు కోలుకుంటుంది. ఇప్పుడు స్లాబు ఇళ్లు తెల్లవారేదాకా వేడి కక్కుతున్నాయి. కూలికి పోయే మనిషి నిన్నటి వేడి ఒంట్లో పెట్టుకొని ఇవాళ్టి ఎండలోకి దిగుతోంది.

తిమ్మక్క

గట్టు మండలంలో కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఒక ఊరు. తిమ్మక్కది ఆ ఊరే. అప్పటికి యాభై ఉంటాయి. పద్నాలుగు మంది ఆడకూలీల గుంపుకు పెద్ద. వానాకాలం విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో పూలు గిల్లే పని, ఎండాకాలం ఉపాధి హామీ పని. దాన్ని మా దగ్గర ఇప్పటికీ కరువు పని అనే అంటారు. నేను కనబడితే "ఊట ఆయ్తా సిస్టర్?" అని కన్నడంలో పలకరించేది, తిన్నావా అని. తిన్నానంటే, "ఏం తిన్నవు, ఇంత బక్కగున్నవు, సిన్నప్పటి బట్టలే తొడుక్కున్నట్టున్నవు" అనేది.

పెళ్లయిన నాటి నుంచి ఇరవై ఏళ్లు ఆమె బెంగళూరులో సిమెంటు మోసింది. మొగుడు అక్కడే పోయాడు. తర్వాత ఊరికి తిరిగొచ్చి, ఇక కదలనని ఒట్టు పెట్టుకుంది. కొడుకు, కోడలు ఇంకా అక్కడే కట్టడం పనుల్లో ఉన్నారు. రేకుల షెడ్డులో పిల్లల్ని చూసుకోవడానికి రమ్మని కొడుకు ఏటా అడిగేవాడు. "ఆ రేకుల కింద మల్ల పండుకోను. నా చెలక కాడ నేనుంట" అనేది.

ప్రతి ఎండాకాలం ఆమెకు మూత్రంలో మంట వచ్చేది. నేను గోలీలు ఇచ్చేదాన్ని. తగ్గేది. నెల తిరక్కుండానే మళ్లీ వచ్చేది. మళ్లీ ఇచ్చేదాన్ని. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఇచ్చి, కలుపుకొని తాగమనేదాన్ని. ఇన్ని ప్యాకెట్లు పంచానని రాసుకొని, పని జరిగిందనుకునేదాన్ని. ఒకరోజు వాళ్లింటికి పోతే మేకల తొట్టి పక్కన చింపిన ప్యాకెట్లు కనబడ్డాయి.

"ఇవేంది తిమ్మక్కా?"

"మేకలకు కలిపిన సిస్టర్. మంచిగ తాగినయ్. వాటికైతే ఏ సిగ్గూ లేదు."

ఆ చివరి మాట అప్పుడు నా చెవిన పడలేదు. నేను మేకల గురించి మందలించడంలో ఉన్నాను.

నేను రిటైరవడానికి ఐదేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లోనే ఆమెకు జ్వరం, నడుము నొప్పి వచ్చాయి. మా ఆరోగ్య కేంద్రంలో అప్పుడే చేరిన డాక్టరమ్మ చిన్న వయసు, కానీ ఓపికగలది. రక్త పరీక్ష చేయించింది. తిమ్మక్క నడుముకున్న సంచి విప్పమంది. అందులో తంబాకుతో పాటు నొప్పి గోలీలు ఉన్నాయి. రోజూ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుని పనికి పోతోందట. ఎక్కడ కొన్నావంటే గుంపులో అందరి దగ్గరా ఉన్నాయంది.

డాక్టరమ్మ సూటిగా చెప్పింది. "ఎండలో నీళ్లు లేకుండా పనిచేసి, పైగా ఈ గోలీలు మింగితే కిడ్నీ తట్టుకోదు. ఇప్పటికే దెబ్బ కనబడుతోంది. ఇంకో ఎండాకాలం ఇట్లనే గడిస్తే వారానికి రెండు మూడు సార్లు రక్తం శుభ్రం చేయించుకునేదాకా పోతుంది. పని మానెయ్యాలి, లేదా నీళ్లు తాగుతూ చెయ్యాలి."

బయటికి వచ్చాక తిమ్మక్క సంచి మళ్లీ నడుముకు కట్టుకుంది. తర్వాత, "పని మానేస్తే నా కొడుకు వచ్చి తోల్కపోతడు. నన్ను బెంగళూర్ పంపకు సిస్టర్" అంది. ఆమె నన్ను ఏదైనా కోరడం అదే మొదటిసారి.

"నేను పంపేదేముంది? నీళ్లు తాగు, ఇక్కడే ఉంటావు" అన్నాను. అది అంత తేలిక అనుకున్నాను.

కందకాల దగ్గర

వారం తర్వాత సువార్తను వెంటబెట్టుకొని పని దగ్గరికి పోయాను. గుట్ట కింద వాననీళ్లు ఆపే కందకాలు తవ్వుతున్నారు. పదవుతోంది. రాళ్లు తప్ప చుట్టూ ఏమీ లేవు. మనిషి చాటుకు ఒక తుమ్మ మొక్క కూడా లేదు. కుడి పక్క మగవాళ్ల గుంపు, ఎడమ పక్క రోడ్డు. ఆడవాళ్ల దగ్గర రెండు బిందెలు నిండుగా ఉన్నాయి. తిమ్మక్క పలుగు పట్టుకొని తవ్వుతోంది, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

నేను నా పాఠం మొదలుపెట్టాను. అరగంటకోసారి గ్లాసుడు నీళ్లు, మంట రాకముందే తాగాలి, దప్పిక అయ్యేదాకా ఆగొద్దు. వాళ్లు తలలు ఊపారు.

"మరి తాగు" అన్నాను తిమ్మక్కతో.

"తాగుత. ఇంటికి పోయినంక తాగుత."

"డాక్టరమ్మ చెప్పింది మరిచినవా? బిందె పక్కనే ఉంది కదా."

గుంపులో ఒక పెద్దామె రోడ్డు వైపు చూసింది, తర్వాత మగవాళ్ల వైపు చూసింది. నాకు కోపం వచ్చింది. నీళ్లు పెట్టుకొని తాగకపోతే మేమేం చేస్తాం, మీకు మీ ఒళ్లంటే లెక్కలేదు, అని ఏదేదో అన్నాను.

సువార్త నా దగ్గరికి వచ్చింది. "మేడం, జర మీ సీసా ఇయ్యుండ్రి."

తాగడానికేమోనని ఇచ్చాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపింది. నిండు సీసా చప్పుడు చెయ్యదు. మూత తీసి అందరికీ చూపించింది. నీళ్లు మూతి దాకా ఉన్నాయి.

"పొద్దుగాల ఎన్నింటికి బయల్దేరిండ్రు?"

"ఆరున్నర."

"ఒక గుక్కన్న తాగిండ్రా?"

"లేదు."

"ఎందుకు తాగలే?"

బస్సులో కదా, అనబోయాను. తర్వాత ఊర్లు తిరగాలి కదా, అనబోయాను. రెండిటికీ అర్థం ఒకటే. దారిలో ఆడదానికి పోయే చోటు లేదు. పెళ్లి కాకముందు నుంచీ ఫీల్డుకు పోయే రోజు పొద్దున టీ కూడా సగమే తాగే అలవాటు నాది. మా అమ్మ నేర్పింది కాదు, ఎవరూ నేర్పలేదు, అందరూ అట్లనే ఉంటే నేనూ అట్లనే ఉన్నాను. నాకూ ఎండాకాలంలో మంట వచ్చేది. నా గోలీలు నేనే రాసుకునేదాన్ని.

అప్పుడు ఆ పెద్దామె నోరు విప్పింది. "తాగమంటవు. తాగినంక ఒంటికి వస్తది. యాడ కూసోవాలె చెప్పు? అటు మొగోళ్లు, ఇటు బస్సులు. పొద్దు పొడవకముందు పోతం, పొద్దు గుంకినంక పోతం. నడుమ తాగం. గంతే."

తిమ్మక్క పలుగు నేలకు ఆనించి నా సీసా వంక చూసి నవ్వింది. "ఊకో అవ్వా, సిస్టరమ్మను ఏం అనకు. ఆమె గూడ మన గుంపే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కొంచెం సిగ్గుతోనే. ఆ గుంపులో నన్ను చేర్చుకున్నారన్న సంతోషం కూడా ఉంది, అది ఇప్పుడు ఒప్పుకుంటాను.

తర్వాత సీసా ఎత్తి, వాళ్ల ముందే సగం తాగాను. "ఇప్పుడు నాకు చోటు చూపెట్టుండ్రి" అన్నాను.

చోటు లేదు. అందుకే చేశాం. కందకం గట్టుకు అడ్డంగా రెండు పలుగులు పాతి తిమ్మక్క తను తలకు చుట్టుకున్న పంచె కట్టింది. మిగిలిన రెండు పక్కలా సువార్త, పెద్దామె నా వైపు వీపులు పెట్టి నిలబడ్డారు. మా శాఖలో నేను అందుకున్న ఏ సహాయమూ దీనికి సాటిరాదు.

చాటు

మర్నాటి నుంచి తిమ్మక్క గుంపుకు ఒక నియమం పెట్టింది. పొద్దున ముందు చాటు పాతాలి, తర్వాతే పలుగు ముట్టాలి. నాలుగు కర్రలు, రెండు పాతచీరలు. ఆ రోజు ఎవరి వంతైతే వాళ్లు ఇంటి నుంచి తేవాలి. మొదటిరోజు గుట్ట గాలికి చీర లేచిపోయి మగవాళ్ల కందకంలో పడింది. రెండో రోజు అంచుల్లో గులకరాళ్లు వేసి ముడులు కట్టారు. మళ్లీ లేవలేదు. పని ముందుకు జరిగితే చాటు కూడా జరిగేది.

మగవాళ్ల గుంపులో ఒక ముసలాయన, "ఏం తిమ్మక్కా, పందిరేసినవు, పెండ్లెవరికి?" అని అడిగాడట.

"నీకే మామా. పిల్లను ఎతుకుతున్నం, ఇంకా ఎవరూ ఒప్పుకుంటలేరు" అందట తిమ్మక్క.

ఆ తర్వాత ఎవరూ ఎగతాళి చేయలేదు. నెలలోపు మగవాళ్ల గుంపు కూడా రెండు చీరలు అడిగి తెచ్చుకొని నీడకు కట్టుకున్నారు.

నీళ్ల పని పెద్దామెకు ఇచ్చారు. ఆమె చెంబు పట్టుకొని ఒక్కొక్కరి ముందు నిలబడి, తాగేదాకా కదిలేది కాదు. కొందరికి ఉత్త నీళ్లు, కొందరికి ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి మిగిలితే అంబలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఇప్పుడు మేకల దాకా పోలేదు.

ఇక వేళ. ఐదింటికి మొదలుపెట్టి పదికల్లా ముగించమని నేను చెబితే సువార్త అడ్డుపడింది. "ఐదుకు పనికి రావాలంటే మూడుకు లేసి పొయ్యి ముట్టియ్యాలె. నిద్రెప్పుడు పోవాలె మేడం?" ఆ మాట కూడా నాకు తట్టలేదు. చివరికి గుంపులో ఆడవాళ్లు ఇళ్లలో మాట్లాడి, ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు దిగేటట్టు కుదుర్చుకున్నారు. ముగ్గురు మొగుళ్లు రొట్టెలు చేయడం నేర్చుకున్నారు. వాటి ఆకారం మీద గుంపులో రోజూ చర్చ జరిగేది. కొలతలు తీసుకునే ఆయనను అడిగితే, "తవ్విన మట్టి అంతే ఉంటే నాకు ఎప్పుడు తవ్వితే ఏంది" అన్నాడు. ఇన్నేళ్లూ ఎవరూ ఆయనను అడగలేదు.

అన్ని ఊర్లలో ఇట్లా కుదరలేదు. రెండు ఊర్లలో నేను చాటు గురించి సమావేశం పెట్టి చెబితే ఒక్కరూ కట్టలేదు. తర్వాత తిమ్మక్కను తీసుకుపోయి మాట్లాడించాను. అక్కడ కట్టారు. నేను చెబితే అది ఆరోగ్య సలహా, ఆమె చెబితే మామూలు మాట. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఎండాకాలం అయిపోయాక తిమ్మక్కకు మళ్లీ రక్త పరీక్ష చేయించాం. నాకు ముందురోజు నిద్రపట్టలేదు. డాక్టరమ్మ కాగితం చూసి, "పెరగలేదు. కొంచెం తగ్గింది కూడా. గోలీలు మానింది, నీళ్లు తాగింది, తెలుస్తోంది" అంది.

"అంటే బెంగళూర్ పోవుడు లేనట్టేనా?" అని అడిగింది తిమ్మక్క.

డాక్టరమ్మకు ఆ సంబంధం అర్థం కాలేదు. "బెంగళూరుకు ఎందుకమ్మా, గద్వాలలోనే పరీక్షలు చేస్తారు" అంది. తిమ్మక్క నా చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.

ఖాళీ సీసా

కందకాల దగ్గర నా సీసా బయటపడిన రోజు సాయంత్రం నేను ఖాళీ సీసాతో ఇంటికి వచ్చాను. గేటు దాటి నేరుగా లోపలికి పోయాను. మా ఆయన సంచి అందుకొని, సీసా ఎత్తి చూసి, "ఇయ్యాల చెట్టుకు పొయ్యలేదా?" అన్నారు.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. "మీకు తెలుసా?"

"మన వీధిల ఇంత కరేపాకు ఎవరింట్ల ఉన్నది? గట్టు తిరిగొచ్చిన నీళ్లు తాగి పెరిగింది మరి."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే బస్సు దిగంగనే రోడ్డు మీద పారబోస్తువు. గిట్లయితే చెట్టన్న బతుకుతదని ఊకున్న."

అప్పుడు గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ నేను ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన ఏమీ అడక్కుండా పెద్ద చెంబుతో మజ్జిగ చేతికిచ్చేవారు. తాగేదాకా పక్కనే నిలబడి పేపరు చదివేవారు. అది అలవాటు అనుకున్నాను.

ఆయన పోయింది ఎండకు కాదు. చలికాలంలో ఒక ఉదయం గుండె ఆగింది. ఈ వృత్తిలో చాలా ఇళ్లలో చావుల దగ్గర నిలబడ్డాను, ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆ రోజు ఏమీ తెలియలేదు. సువార్త వచ్చి వంటింట్లోకి పోయి, కుండలోంచి నీళ్లు తెచ్చి నా ముందు నిలబడింది. తాగేదాకా కదలలేదు.

మొన్నటి మే నెలలో

కొత్త అమ్మాయిలకు చెప్పాలనుకున్నది ఒకటే మిగిలింది. నీళ్లు తాగమని చెప్పడం అరనిమిషం పని. ఎందుకు తాగడం లేదో తెలుసుకోవడానికి ఒక పూట పడుతుంది, ఒక్కోసారి నాలాగ ఇరవై తొమ్మిదేళ్లు. నీడ ఉందా, చాటు ఉందా, రాత్రి నిద్ర పట్టిందా, నడుము సంచిలో ఏ గోలీలున్నాయి, ఇవి అడగండి. మీ సీసా కూడా ఒకసారి ఊపి చూసుకోండి.

నేను ఇప్పటికీ ఎండాకాలం వారానికోసారి సువార్తతో పని దగ్గరికి పోతాను. ఉదయం ఆరూ పదికి సీసా నేనే నింపుకుంటాను. గరాటు లేకుండా పోస్తాను, కొంచెం కింద పడుతుంది.

మొన్న మే నెలలో తిమ్మక్క పరీక్షకని గద్వాల వచ్చి, ఆ కాగితం చూపించడానికి మా ఇంటికి వచ్చింది. కిడ్నీ అట్లనే నిలకడగా ఉంది. గుంపు ఇప్పుడు ఇరవై మంది. కొడుకు పిల్లలే ఎండాకాలం సెలవులకు ఊరికి వస్తున్నారు. రెండు చెంబుల నీళ్లు తాగింది. "అన్న లేని ఇల్లు ఎట్లనో ఉన్నది సిస్టర్" అని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి, పక్కింటాయన గోడ మీది నుంచి చూస్తున్నా గొంతు తగ్గించకుండా, "ఒంటికి యాడ పోవాలె?" అని అడిగింది. చూపించాను.

పోయేటప్పుడు కరివేపాకు నాలుగు రెమ్మలు తుంచుకుంది. "చెట్టు జర వాడినట్టున్నది, నీళ్లు పోస్తలేవా?" అంది.

పైపుతో పెడుతున్నానన్నాను. సీసాతో పోయడం మానేశాను.